పాత విలాస కారుకు మార్పులు: అభిరుచి దెబ్బతినకుండా చేయించుకునే క్రమం

క్లాసిక్ కారును ఫ్యాక్టరీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉంచాలి, అందులో వేలు పెట్టకూడదు అనే మాట తరచూ వినిపిస్తుంది. చరిత్ర చూస్తే ఆ మాట నిలవదు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు రోల్స్-రాయిస్ సంస్థ పూర్తి కారును అమ్మేది కాదు. ఇంజను అమర్చిన చాసిస్, అంటే బాడీ లేని చట్రం మాత్రమే ఇచ్చేది. కొన్నవారు దాన్ని బార్కర్, హూపర్, పార్క్ వార్డ్ వంటి కోచ్‌బిల్డర్ల (కారుకు బాడీ కట్టే సంస్థల) దగ్గరకు పంపి, బాడీ ఆకారం ఎలా ఉండాలో, రంగు ఏదో, లోపల వాడే కలప ఏ జాతిదో, వెనుక సీటు ముందు మడత బల్ల కావాలో వద్దో స్వయంగా నిర్ణయించుకునేవారు. ఫ్యాక్టరీ తన సొంత ఉక్కు బాడీతో అమ్మిన మొదటి రోల్స్-రాయిస్ 1949 నాటి సిల్వర్ డాన్. కాబట్టి యజమాని ఇష్టం మేరకు కారును మలచుకోవడం ఈ తరగతి కార్లకు పుట్టుకతో వచ్చిన అలవాటే.

అయినా మార్పులు చేయించిన పాత కార్లలో చాలావాటిని చూడగానే ఎక్కడో పొసగలేదని అనిపిస్తుంది. డబ్బు సరిపోక అలా జరగడం అరుదు. ఎక్కువసార్లు డబ్బు ఎక్కువై జరుగుతుంది. చక్రాలు విడిగా బాగుంటాయి, రంగు విడిగా బాగుంటుంది, సీట్లు విడిగా బాగుంటాయి, కాని అవన్నీ ఒకే కారుకు చెందినవిగా కనిపించవు. అందుకే ఈ మార్గదర్శిలోని ప్రతి అడుగులోనూ ఒకే గీటురాయిని వాడుతున్నాను. ఆ కారు తయారైన సంవత్సరంలో, స్తోమత గల కొనుగోలుదారు ఒకరు అదే ఫ్యాక్టరీకి వెళ్లి ఈ పని అడిగి ఉంటే, అక్కడివారు ఇష్టంగా చేసి ఇచ్చేవారా? ఇచ్చేవారనిపిస్తే ఆ మార్పు నిశ్చింతగా చేయించవచ్చు. లేదనిపిస్తే భద్రత కోసమో, రోజూ నడపగలగడం కోసమో మాత్రమే, అది కూడా కంటికి ఆనని చోట చేయించాలి.

మొదటి అడుగు: కారు పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవాలి

రంగుల పట్టిక తెరవడానికి ముందు కాగితాలు వెతకాలి. మెర్సిడెస్-బెంజ్ కార్లకు డేటా కార్డు ఉంటుంది. అందులో ఇంజను సంఖ్య, పెయింట్ కోడ్, సీట్ల తోలు కోడ్, కారుతో పాటు ఆర్డరు చేసిన అదనపు సదుపాయాలు కోడ్‌ల రూపంలో నమోదై ఉంటాయి. ఉదాహరణకు డీబీ 040 అంటే నలుపు, డీబీ 050 అంటే తెలుపు, డీబీ 180 అంటే వెండి బూడిద రంగు. బ్రిటన్ కార్ల విషయంలో రోల్స్-రాయిస్, బెంట్లీల చాసిస్ రికార్డులు అక్కడి యజమానుల క్లబ్బు ద్వారా, జాగ్వార్, డెయిమ్లర్‌ల వివరాలు వాటి హెరిటేజ్ ట్రస్టు ద్వారా ధ్రువపత్రం రూపంలో తెప్పించుకోవచ్చు. కాగితం దొరకకపోతే కారునే అడగాలి. స్టెప్నీ టైరు కింద, తలుపు రబ్బరు వెనుక, డాష్‌బోర్డు విప్పితే దాని లోపలి అంచున, వెనుక సీటు ఎత్తితే దాని కింద అసలు రంగు, అసలు కార్పెట్టు ముక్క ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి.

ఆ తర్వాత అదే సంవత్సరపు ఫ్యాక్టరీ కరపత్రాలు, రంగుల పట్టికలు సంపాదించి చూడాలి. ఆ కాలంలో ఏయే రంగులకు ఏయే తోలు జత చేసేవారో, ఏ చక్రాలు ఐచ్ఛికంగా దొరికేవో, రేడియో ఎక్కడ అమర్చేవారో వాటిలో తెలుస్తుంది. పైన చెప్పిన గీటురాయి అప్పుడే ఊహ కాకుండా ఆధారంగా మారుతుంది. ఇంటర్నెట్‌లో ఈనాడు కనిపించే మెరుగుపెట్టిన కార్ల ఫొటోలు చూసి నిర్ణయాలు తీసుకోవడం మాత్రం నేను సిఫారసు చేయను. వాటిలో సగం ఇప్పటికే ఎవరో ఒకరి అభిరుచి మోసుకొచ్చినవే.

ఈ పరిశోధనలో మీ కారు ఒకే ఒక్కటిగా బాడీ కట్టిన కోచ్‌బిల్ట్ కారనో, అసలు పెయింటు, అసలు తోలు చెక్కుచెదరకుండా ఉన్నదనో తేలితే మార్పుల ఆలోచన అక్కడితో ఆపేయాలి. మెర్సిడెస్ 600 వంటి కారు 1963 నుంచి 1981 వరకు కేవలం 2,677 తయారయ్యాయి. అలాంటి వాటిలో చెడకుండా మిగిలినదాన్ని కోసి కొత్తది చేయడం అభిరుచి అనిపించుకోదు. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా 30 ఏళ్లు దాటిన వాహనాన్ని చారిత్రక వాహనంగా గుర్తించడానికి పరిశీలిస్తుంది. దాని నియమావళి అయిన ట్యూరిన్ చార్టర్ జోక్యం తక్కువగా ఉండాలని, చేసిన ప్రతి పనికీ రికార్డు ఉండాలని చెబుతుంది. మార్పులకు అసలైన అభ్యర్థి ఇదివరకే రంగు మారినది, సీట్లు మారినది, కాని బాడీ గట్టిగా ఉన్న సాధారణ మోడల్.

రెండో అడుగు: కోరికలను మూడు జాబితాలుగా విడదీయాలి

కారును దేనికి వాడబోతున్నారో ముందు స్పష్టంగా రాసుకోవాలి. వారానికోసారి పొద్దున్నే కాసేపు నడపడానికా, దూర ప్రయాణాలకా, వెనుక సీట్లో కూర్చుని తిరగడానికా అన్నదాన్ని బట్టి సగం కోరికలు వాటంతటవే రాలిపోతాయి. మిగిలినవాటిని మూడు వరసల్లో రాయాలి. బయటికి కనిపించనివి మొదటి వరస: మెరుగైన రేడియేటర్, రిలేలు (ఎక్కువ కరెంటును మోసే విద్యుత్ స్విచ్చులు), సౌండ్ అడ్డుకునే పొరలు. కనిపించినా మళ్లీ విప్పి వెనక్కు తీసుకురాగలిగినవి రెండో వరస: చక్రాలు, స్టీరింగ్, కార్పెట్లు, బ్యాడ్జీలు. వెనక్కు రానివి మూడో వరస: లోహం కోయడం, డాష్‌బోర్డు కలపకు రంధ్రం పెట్టడం, రంగు పూర్తిగా మార్చడం, ఇంజను మార్చడం. మొదటి వరసను ధైర్యంగా, రెండో వరసను ఆలోచించి, మూడో వరసను కనీసం ఏడాది కారు నడిపిన తర్వాత మాత్రమే చేయించాలి. కొత్తగా కొన్నప్పుడు కళ్లకు లోపంగా కనిపించినవి చాలావరకు అలవాటు లేకపోవడం వల్ల కనిపించినవేనని ఆ ఏడాదిలో బోధపడుతుంది.

మూడో అడుగు: యంత్రం ముందు, మెరుపు తర్వాత

దీని గురించి ఎక్కువ చెప్పను, కాని వరస తప్పకూడదు. బ్రేకులు, స్టీరింగ్, సస్పెన్షన్, ఇంధన పైపులు, వైరింగ్ బాగయ్యాకే అందాల సంగతి. కొన్ని మోడళ్ల ప్రత్యేకతలు తెలియకపోతే పెద్ద నష్టం జరుగుతుంది. రోల్స్-రాయిస్ సిల్వర్ షాడోలో హైడ్రాలిక్ వ్యవస్థకు ఆర్‌ఆర్363 అనే బ్రేకు ద్రవం వాడాలి. దాని తర్వాత 1980లో వచ్చిన సిల్వర్ స్పిరిట్‌లో మినరల్ ఆయిల్ వాడాలి. ఒకదానిలో మరొకటి పోస్తే లోపలి సీళ్లన్నీ పాడవుతాయి. అలాగే 1960ల మధ్య వరకు వచ్చిన బ్రిటన్ కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపి ఉంటుంది. అది గమనించకుండా ఆధునిక రేడియో బిగిస్తే రేడియో కాలిపోతుంది.

నాలుగో అడుగు: నిలబడే తీరు, చక్రాలు

దూరం నుంచి చూసినప్పుడు కారు రంగు కన్నా ముందు అది నేలమీద నిలబడిన తీరు కంటికి తగులుతుంది. కొత్త చక్రాల గురించి ఆలోచించే ముందు నాలుగు మూలలా ఎత్తు కొలవాలి. దశాబ్దాల బరువుకు వెనుక స్ప్రింగులు కుంగిపోయి, ముక్కు పైకి లేచి, కారు అలసిపోయినట్టు కనిపిస్తుంటే యజమానులు చక్రాలు చిన్నవిగా ఉన్నాయని అనుకుంటారు. ఫ్యాక్టరీ పుస్తకంలో చెప్పిన ఎత్తుకు స్ప్రింగులు మార్పించి, రబ్బరు బుష్‌లు వేయించి చూస్తే పాత చక్రాలే సరిగ్గా అమరుతాయి. కారును బాగా కిందికి దించడం కూడా ఇలాంటి పొరపాటే. టైరుకూ ఫెండరుకూ మధ్య ఖాళీ తగ్గితే స్పోర్ట్స్ కారుకు చురుకుదనం వస్తుంది గాని, విలాస కారుకు ఉండాల్సిన నిదానం పోతుంది.

చక్రం పెద్దది చేయాలనే కోరిక చాలామందికి ఉంటుంది, అందుకే లెక్క చూపిస్తాను. 1968లో వచ్చిన జాగ్వార్ ఎక్స్‌జే6 కు 15 అంగుళాల రిమ్ మీద ఇప్పటి కొలతలో దాదాపు 205/70 టైరు వచ్చేది, అంటే వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 70 శాతం. ఆ టైరు పక్కగోడ ఎత్తు సుమారు 143 మిల్లీమీటర్లు, చక్రం మొత్తం వ్యాసం 668 మిల్లీమీటర్లు. దాని బదులు 18 అంగుళాల రిమ్ మీద 225/45 టైరు వేస్తే మొత్తం వ్యాసం 660 దగ్గర ఆగుతుంది, కాని పక్కగోడ 101 మిల్లీమీటర్లకు పడిపోతుంది. బయటి కొలత పెద్దగా మారలేదు కాబట్టి ఫరవాలేదని దుకాణదారు చెబుతాడు. మారినది రబ్బరుకూ లోహానికీ మధ్య నిష్పత్తి. ఆ కారు మెత్తదనంలో కొంత భాగం ఆ 143 మిల్లీమీటర్ల గాలిలోనే ఉంది. దాని కోసమే డన్‌లప్ సంస్థ ఆ మోడల్‌కు ప్రత్యేకంగా టైరు రూపొందించింది. రూపకర్త ఫెండరు వంపులు గీసినప్పుడు ఆ నల్లటి రబ్బరు మందాన్ని కూడా లెక్కలో పెట్టుకునే గీశాడు. అది పలచబడితే పైనున్న బాడీ బరువుగా, ఉబ్బినట్టుగా కనిపిస్తుంది.

అందువల్ల రిమ్ వ్యాసం మార్చకుండా ఉండడమే మంచిది. తప్పనిసరి అయితే ఒక్క అంగుళం దాటకూడదు. రకం విషయంలో గీటురాయి నేరుగా పనికొస్తుంది. జాగ్వార్ మార్క్ 2 కు ఫ్యాక్టరీయే ఊచల చక్రాలు ఇచ్చేది కాబట్టి దాని మీద అవి సహజంగా ఉంటాయి. అవే ఎక్స్‌జే6 మీద వేషం వేసినట్టు ఉంటాయి. పగోడా అని పిలిచే మెర్సిడెస్ డబ్ల్యూ113 లో చక్రాల మూతలకు బాడీ రంగునే వేసేవారు. ఆ చిన్న రంగు వృత్తం కారు పక్కభాగాన్ని నేల వరకు దింపి చూపిస్తుంది. దాని స్థానంలో మెరిసే అల్లాయ్ చక్రం పెడితే కన్ను తలుపు గీతను వదిలేసి చక్రం మీదికి పరుగెడుతుంది.

టైరు పక్కన తెల్ల పట్టీ కావాలనుకుంటే కాలం చూసుకోవాలి. 1950ల కార్ల మీద పట్టీ వెడల్పుగా ఉండేది, 1960లలో సన్నబడింది. సన్న పట్టీ కాలపు కారుకు వెడల్పు పట్టీ వేస్తే పెళ్లి ఊరేగింపు కారులా తయారవుతుంది. టైరు ఎంత కొత్తగా కనిపించినా పక్కగోడ మీది తేదీ సంఖ్య చూడాలి. 2319 అని ఉంటే అది 2019లో 23వ వారంలో తయారైనదని అర్థం. అరుగుదల లేని పాత టైరు అందంగా ఉండి ప్రాణం మీదికి తెస్తుంది.

ఐదో అడుగు: రంగు

మొదట ఒక నిజం ఒప్పుకోవాలి. రంగు మార్చడమంటే బయటి రేకులకు రంగు వేయడం కాదు. తలుపు తెరిస్తే కనిపించే గుమ్మాలు, బానెట్ లోపలి వైపు, ఇంజను చుట్టూ ఉన్న గోడలు, డిక్కీ, అద్దాల రబ్బర్ల కింద దాగిన అంచులు అన్నీ మారాలి. అంటే అద్దాలు, క్రోమ్ పట్టీలు, లోపలి అలంకరణ, వీలైతే ఇంజను కూడా బయటికి తీయాలి. అంత చేయించే స్తోమత లేకపోతే కారు పుట్టిన రంగులోనే మళ్లీ వేయించడం గౌరవంగా ఉంటుంది. ముదురు నీలం తలుపు తెరవగానే లేత గోధుమ రంగు గుమ్మం కనిపించడం కన్నా పెద్ద లోపం ఈ మొత్తం వ్యవహారంలో మరొకటి లేదని నా అభిప్రాయం.

పాత పెయింటు ఎంత మందం ఉందో పరికరంతో కొలిపించాలి. ఫ్యాక్టరీ పూత సాధారణంగా 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది. 300 దాటిన చోట మళ్లీ రంగు వేసినట్టో, కింద పుట్టీ ఉన్నట్టో అనుమానించాలి. కొన్ని పరికరాలు ఉక్కు మీద మాత్రమే పనిచేస్తాయి. పగోడా మెర్సిడెస్‌కు బానెట్, డిక్కీ మూత, తలుపుల పైరేకులు అల్యూమినియంతో చేసినవి కాబట్టి రెండు లోహాలనూ చదవగలిగే పరికరం కావాలి.

ఇక ఎంపిక. గోరంత నమూనా చూసి కొండంత కారుకు రంగు నిర్ణయించకూడదు. వంపు ఉన్న పాత ఫెండరో, పనికిరాని బానెట్టో సంపాదించి దాని మీద అసలు పద్ధతిలోనే పూత వేయించి, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి దీపాల కింద చూడాలి. పెద్ద విస్తీర్ణంలో ఏ రంగైనా నమూనాలో కన్నా లేతగా, గట్టిగా కనిపిస్తుంది. కాబట్టి మనసుకు నచ్చినదాని కన్నా ఒక మెట్టు ముదురు, ఒక మెట్టు మంద్రమైన ఛాయ ఎంచుకోవడం క్షేమం. ఆ కాలపు మెటాలిక్ రంగుల్లో అల్యూమినియం రేణువులు సన్నగా ఉండి, వెలుతురును మెత్తగా వెనక్కు పంపేవి. అభ్రకపు పొడి కలిసిన ముత్యపు రంగులు 1980ల తర్వాతే విస్తృతంగా వాడుకలోకి వచ్చాయి. వాటిలో అంచు దగ్గర ఒక ఛాయ, మధ్యలో మరో ఛాయ కనిపిస్తుంది. దాంతో కారు పక్కగా సాగే సన్నని మడత గీత ఎక్కడుందో కంటికి దొరకదు. రూపకర్త పనిని రంగు మింగేస్తుందన్నమాట.

మెరుపు లేని మ్యాట్ పూత, పెయింటు మీద అతికించే మ్యాట్ ర్యాప్ పొర విషయంలోనూ ఇదే చిక్కు ఉంది. 1950లు, 60ల కార్ల పొడవైన పక్కభాగాలను వెలుగు చార ఒక కొస నుంచి మరో కొసకు తెగకుండా పారేలా మలిచారు. మెరుపు తీసేస్తే ఆ చార పోతుంది, మిగిలేది రేకు పెట్టె మాత్రమే. ర్యాప్ తీసేయొచ్చు కదా అనే సమాధానం కూడా పూర్తిగా నిజం కాదు. మధ్యలో ఎప్పుడో సరిగా వేయని పెయింటు ర్యాప్‌తో పాటు ఊడి రావచ్చు.

నలుపు గురించి ఒక హెచ్చరిక. విలాస కారుకు నలుపు ఎప్పుడూ సరైనదేనని అనుకుంటారు. సరైనదే, కాని బాడీ పని నూటికి నూరుపాళ్లు చదునుగా ఉన్నప్పుడే. లేత బూడిద రంగు దాచిపెట్టే సొట్టల అలలను నలుపు ఎత్తి చూపిస్తుంది. పెయింటు ఖర్చుకు మించి రేకు చదును చేసే పనికి డబ్బు కేటాయించలేని యజమాని నలుపు జోలికి వెళ్లకూడదు.

రెండు రంగులు వేయించేటప్పుడు వాటి సరిహద్దు బాడీలో ఉన్న మడత గీత వెంబడే వెళ్లాలి, కొత్త గీతను సృష్టించకూడదు. పైభాగం ముదురుగా ఉంటే కారు ఎత్తు తగ్గినట్టు కనిపిస్తుంది. రెండు రంగుల మధ్య తేడా మరీ ఎక్కువైతే కారు రెండు ముక్కలవుతుంది. ఒకే కుటుంబానికి చెందిన రెండు ఛాయలు, అంటే ముదురు బూడిద మీద వెండి, ముదురు ఆకుపచ్చ కింద లేత ఆకుపచ్చ వంటివి కలకాలం నిలుస్తాయి.

నడుము గీత వెంబడి వేసే సన్నని కోచ్‌లైన్‌ను నేను ఈ మొత్తంలో అతి చవకైన, అతి విలువైన అలంకారంగా భావిస్తాను. సుమారు మూడు మిల్లీమీటర్ల వెడల్పున, పొడుగు వెంట్రుకల కుంచెతో, చేత్తో లాగిన గీతను దగ్గరగా చూస్తే అది మొదలైన చోట కొద్దిగా సన్నగా ఉంటుంది, రంగు నిండుగా తీసుకున్న చోట వెంట్రుకవాసి ఉబ్బుతుంది, ముగింపులో మొనతేలుతుంది. స్టిక్కర్ టేపు గీత ఈ చివర నుంచి ఆ చివరకు ఒకే మందంలో ఉండి, కత్తిరించినట్టు ఆగిపోతుంది. పది అడుగుల దూరం నుంచి ఆ తేడాను పేరు పెట్టి చెప్పలేకపోయినా కన్ను పసిగడుతుంది. గీత రంగు లోపలి తోలు రంగుకు కలిపితే బయటికీ లోపలికీ బంధం కుదురుతుంది.

అభిరుచి అంటే పిరికితనం కాదు. జాన్ లెనన్ తన నల్లటి రోల్స్-రాయిస్ ఫాంటమ్ ఫైవ్‌కు 1967లో పసుపు నేపథ్యం మీద పూలు, లతలు, రాశిచక్రపు బొమ్మలు వేయించాడు. ఆ కారు ఇప్పుడు కెనడాలోని రాయల్ బ్రిటిష్ కొలంబియా మ్యూజియం సేకరణలో ఉంది. ఆ చిత్రాలు కారు ఆకారంతో పోట్లాడవు. లతలు తలుపుల, ఫెండర్ల వంపులను అనుసరిస్తాయి. చేసిన పని పూర్తిగా, తెగువతో, చేయి తిరిగిన పనివాళ్లతో చేయించినది కావడం వల్లనే అది నిలిచింది. సగం మనసుతో వేసిన వింత రంగు మాత్రం నిలవదు.

ఆరో అడుగు: క్రోమ్, గ్రిల్, బ్యాడ్జీలు

క్రోమ్ మెరుపు మన్నాలంటే కింద రాగి, దానిపై నికెల్, ఆ పైన క్రోమియం పొరలు పడాలి. పాలిష్ చేసేవాడి చేయి బరువైతే బంపరు అంచులు, అక్షరాల మూలలు అరిగిపోయి గుండ్రబడతాయి. కాబట్టి పని ఇచ్చే ముందు అంచుల ఫొటోలు దగ్గరగా తీసి ఉంచుకోవాలి. ఉన్న క్రోమ్‌ను నల్లగా మార్చే ధోరణి ఇటీవల పెరిగింది. కిటికీల చుట్టూ ఉన్న సన్నని మెరుపు పట్టీలే ఆనాటి కార్ల రూపాన్ని గీసే రేఖలు. వాటిని నల్లబరిస్తే బొమ్మకు కాటుక తీసేసినట్టు అవుతుంది తప్ప గాంభీర్యం రాదు.

రోల్స్-రాయిస్ గ్రిల్ జోలికి అసలే వెళ్లకూడదు. దాని తలాలు తిన్నగా కనిపించడానికి వాటిని అతి స్వల్పంగా ఉబ్బెత్తుగా చేశారు, గ్రీకు ఆలయ స్తంభాల్లో వాడిన సూత్రమే ఇది. పెద్దదో, నకలుదో తెచ్చి పెడితే ఆ సూక్ష్మం పోతుంది. 1911లో చార్లెస్ సైక్స్ రూపొందించిన స్పిరిట్ ఆఫ్ ఎక్స్‌టసీ బొమ్మకు బంగారు పూత వేయించడం, లోపల దీపం పెట్టడం కూడా ఇదే కోవలోకి వస్తుంది. అదనపు బ్యాడ్జీలు కావాలంటే కాలానికి తగిన మోటార్ క్లబ్బు బ్యాడ్జీ ఒకటి, బంపరుకు పైన బిగించిన కడ్డీకి పెట్టుకుంటే చాలు.

ఏడో అడుగు: లోపలి భాగం

ఇక్కడ మొదటి సూత్రం మార్చకపోవడం. అసలు తోలు చిరగకుండా, కేవలం రంగు వెలిసి, సన్నని ముడతలు పడి ఉంటే దాన్ని శుభ్రం చేసి, మెత్తబరిచి, అవసరమైన చోట రంగు అద్దితే సరిపోతుంది. యాభై ఏళ్లు మనుషులు కూర్చున్న తోలుకు వచ్చే నునుపును ఏ కొత్త తోలూ తెచ్చిపెట్టలేదు. కుట్లు తెగితే కుట్లు వేయించాలి. డ్రైవరు సీటు పక్క అంచు ఒక్కటే పోతే ఆ ముక్క ఒక్కటే మార్పించాలి.

మొత్తం మార్చక తప్పకపోతే పాత కవర్లను పారేయనివ్వకూడదు. వాటిని కుట్టు విప్పి, ముక్కలుగా నేలమీద పరచి, వాటి కొలతలతోనే కొత్త తోలు కోయించాలి. సీటు మీద నిలువుగా సాగే మడతల వెడల్పు, వాటి సంఖ్య, అవి సీటు ముందు అంచు మీదుగా దిగి ఎక్కడ ఆగుతాయి అన్నవి ప్రతి మోడల్‌కూ ప్రత్యేకం. పనివాడు తనకు అలవాటైన వెడల్పులో కుడితే తోలు ఎంత మంచిదైనా సీటు వేరే కారు నుంచి తెచ్చినట్టు ఉంటుంది. లోపలి ఫోమ్ అతిగా నింపడం మరో పొరపాటు. ఆనాటి సీట్లు కూర్చుంటే కుంగేవి, ఇప్పటి సోఫాల్లా ఉబ్బి ఉండేవి కావు. వజ్రాకారపు క్విల్టింగ్ కుట్టు ఇటీవలి దశాబ్దాల బెంట్లీల వల్ల ప్రచారంలోకి వచ్చింది. 1960ల సెలూన్‌లో, అంటే పైకప్పు మూసి ఉన్న కుటుంబ కారులో, అది గీటురాయి ముందు నిలవదు. దాని బదులు సీటు అంచుల వెంట వేరే రంగు పైపింగ్ (కుట్టు వెంట ఉబ్బెత్తుగా కనిపించే సన్నని తోలు అంచు) వేయించుకుంటే యజమాని ముద్రా పడుతుంది, కాలమర్యాదా నిలుస్తుంది.

రంగుల క్రమంలో కింద ముదురు, పైకి పోయేకొద్దీ లేత అన్నది నమ్మదగిన సూత్రం. కార్పెట్టు అన్నిటికన్నా ముదురుగా, సీట్లు మధ్యస్థంగా, పైకప్పు గుడ్డ అన్నిటికన్నా లేతగా ఉంటే లోపల విశాలంగా అనిపిస్తుంది. డాష్‌బోర్డు పైభాగం మాత్రం ముదురుగానే ఉండాలి. లేతగా ఉంటే దాని నీడ ముందు అద్దంలో పడి దారి సరిగా కనిపించదు. కార్పెట్టు ఉన్నితో చేసినదై, అంచులు తోలుతో కట్టినదై ఉండాలి.

కలప దగ్గర ఓర్పు కావాలి. మంచి సెలూన్ డాష్‌బోర్డు మీద వాల్‌నట్ గంటు చెక్క నుంచి తీసిన పలుచని పొరలను అద్దంలో ప్రతిబింబాల్లా ఎదురెదురుగా అతికించేవారు. మధ్య గీతకు ఎడమ వైపున్న సుడి కుడి వైపున తిరగబడి కనిపిస్తుంది. ఒకే కారులోని ముక్కలన్నీ ఒకే దుంగ నుంచి తీసిన వరస పొరలు కావడంతో తలుపు మీది కలప కూడా డాష్‌బోర్డుతో మాట కలుపుతుంది. అందుకే పగిలిన ఒక్క పలకను కొత్త కలపతో మారిస్తే అతకదు. పైగా వాల్‌నట్ ఎండకు ఏళ్ల తరబడి లేతబడుతుంది, కొత్త ముక్క ముదురుగా మిగిలిపోతుంది. ఆ పొర మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు కాబట్టి ఉప్పుకాగితం పెట్టి గట్టిగా రుద్దితే కింది చెక్క బయటపడుతుంది. పాత మెరుపు పూతను రసాయనంతో తొలగించి, పగుళ్లు పూడ్చి, మళ్లీ పూత పోయించడం ఒకటే సరైన దారి. ఎట్టి పరిస్థితిలోనూ ప్లాస్టిక్ కలప స్టిక్కర్లు వద్దు.

స్టీరింగ్ చక్రం పెద్దదిగా, అంచు సన్నగా ఉండడం ఆనాటి లక్షణం. చిన్నది, లావుది పెడితే డాష్‌బోర్డు ముందు బొమ్మలా ఉంటుంది, పవర్ స్టీరింగ్ లేని కారులో చేతులు నొప్పి పుడతాయి. మెర్సిడెస్ 600 లో కిటికీలు, సీట్లు హైడ్రాలిక్ ఒత్తిడితో దాదాపు నిశ్శబ్దంగా కదులుతాయి. ఆ వ్యవస్థ మరమ్మతు ఖరీదు చూసి ఎలక్ట్రిక్ మోటార్లు పెట్టించినవారు ఆ కారు ప్రత్యేకతనే విప్పి పక్కన పెట్టినట్టు. కనిపించే వస్తువులకే కాదు, వినిపించే, చేతికి తగిలే వాటికీ అభిరుచి వర్తిస్తుంది.

ఎనిమిదో అడుగు: కొత్త సౌకర్యాలను దాచడం

డాష్‌బోర్డులో టచ్ స్క్రీన్ పెట్టడానికి కలప కోయవద్దు. పాత బెకర్ రేడియో వంటి దాని ముఖం, బిరడాలు అలాగే ఉంచి, లోపలి యంత్రాన్ని మార్చి బ్లూటూత్ పనిచేసేలా చేసే నిపుణులు ఉన్నారు. స్పీకర్ల కోసం తలుపు ప్యానెళ్లకు రంధ్రాలు పెట్టకుండా సీట్ల కింద, వెనుక అద్దం కింద ఉన్న అరలో దాచవచ్చు. ఎయిర్ కండిషనింగ్ లేని కారుకు అది పెట్టించేటప్పుడు గాలి వచ్చే నోళ్లు డాష్‌బోర్డు అంచు కింద, నలుపు రంగులో, నేరుగా చూస్తే కనిపించని కోణంలో ఉండాలి. కరెంటు పుట్టించే పాత డైనమో ఆకారంలోనే తయారైన, దాని పనే మెరుగ్గా చేసే ఆల్టర్నేటర్లు దొరుకుతాయి కాబట్టి బానెట్ ఎత్తినప్పుడు కూడా కాలం చెదరదు.

దీపాలలో రంగు ఉష్ణోగ్రత చూడాలి. మీటర్ల వెనుక ఎల్‌ఈడీ పెట్టాలనుకుంటే 2,700 నుంచి 3,000 కెల్విన్ మధ్య ఉండే వెచ్చని వెలుతురు తీసుకోవాలి. నీలి తెలుపు వెలుతురు పడితే పాత మీటరు ముఖం ఆసుపత్రి గదిలా మారుతుంది. ముందు దీపాలలో ఏడంగుళాల సీల్డ్ బీమ్ (బల్బు, అద్దం ఒకే ముక్కగా మూసిన దీపం) ఉన్న కార్లకు అదే ఆకారపు హెచ్4 దీపాలు (బల్బును విడిగా మార్చుకోగలిగేవి) చక్కగా సరిపోతాయి, కాని కరెంటు పాత స్విచ్చు గుండా కాకుండా రిలేల ద్వారా వెళ్లేలా వైరింగ్ మార్పించాలి. సీటు బెల్టులు లేకపోతే పెట్టించండి. ఈ ఒక్క విషయంలో కాలమర్యాదను పట్టించుకోవద్దు, బెల్టు రంగు మాత్రం తోలుకు దగ్గరగా ఉంటే చాలు.

ఇంజను తీసి ఎలక్ట్రిక్ మోటారు పెట్టించడం గురించి అడిగేవారు పెరిగారు. అలా మార్చిన వాహనాన్ని చారిత్రక వాహనంగా పరిగణించలేమని ఫీవా ప్రకటించింది. నా దృష్టిలోనూ పాత విలాస కారు స్వభావంలో సగం దాని ఇంజను ఊపిరే. అయినా చేయించదలిస్తే కొత్త లోహపు కోతలు లేకుండా, పాత ఇంజను, గేర్‌బాక్సు భద్రంగా పక్కన ఉండేలా చేయించాలి.

తొమ్మిదో అడుగు: పనివారితో ఒప్పందం

ఒక్కో పనికి విడి నిపుణుడు కావాలి. పెయింటు బాగా వేసేవాడు తోలు బాగా కుడతాడనే నమ్మకం లేదు. పని మొదలుపెట్టే ముందు తోలు, కార్పెట్టు, రంగు, కలప నమూనాలన్నీ ఒకే బల్ల మీద పక్కపక్కన పెట్టి పగటి వెలుతురులో చూసి, ఒప్పుకున్నవాటిపై సంతకం చేసి, ఒక ముక్క మీ దగ్గర, ఒక ముక్క వారి దగ్గర ఉంచాలి. కుట్టు ఎంత దూరానికి ఒకటి, పైపింగ్ ఎంత లావు, కోచ్‌లైన్ ఎంత వెడల్పు అన్నవి మాటల్లో కాకుండా కొలతల్లో రాయించాలి. మధ్యలో కొత్త ఆలోచన వస్తే వెంటనే చెప్పకుండా నెల రోజులు ఆగి చూడాలి. ఫొటోలు ప్రతి దశలోనూ తీయించాలి, ముఖ్యంగా పుట్టీ, ప్రైమర్ పడక ముందు రేకు పరిస్థితివి.

పదో అడుగు: తీసినవాటిని దాచిపెట్టడం

కారు నుంచి విప్పిన ప్రతి అసలు భాగాన్ని, అది పాడైనదే అయినా, ఏ చోటు నుంచి ఏ తేదీన తీశారో రాసిన చీటీతో భద్రపరచాలి. తోలు, రబ్బరు భాగాలను ప్లాస్టిక్ సంచిలో బిగించి కట్టకూడదు, లోపల చెమ్మ చేరి బూజు పడుతుంది. నూలు గుడ్డలో చుట్టి, గాలి ఆడే పెట్టెలో, ఎండ తగలని పొడి చోట పెట్టాలి. క్రోమ్ ముక్కలకు పలుచగా మైనం పూసి విడివిడిగా కాగితంలో చుట్టాలి. కలప పలకలను నిలబెట్టకుండా చదునుగా పరచాలి, లేకపోతే వంగిపోతాయి. నమూనా ముక్కలు, పెయింటు కోడ్‌లు, బిల్లులు, ఫొటోలు ఒకే ఫైలులో చేర్చి, దాని నకలు ఒకటి కారుకు దూరంగా వేరే చోట ఉంచాలి. కారును ఎప్పుడైనా అమ్మితే ఆ పెట్టెలు, ఆ ఫైలు కూడా దానితోపాటే వెళ్లాలని అమ్మకపు కాగితంలోనే రాయించాలి.